టెలివిజను డిష్షు: ఎంపికయు, స్థాపనయు

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన మన దేశమున ఒక గొప్ప ప్రయోగ మారంభమయ్యెను. ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు ఆకాశమందలి ఉపగ్రహము ద్వారా టెలివిజను ప్రసారము లందజేసిరి. అందు నాటి ఆంధ్రప్రదేశపు పల్లెలును గలవు. కోళ్ళదొడ్ల కుపయోగించు వంటి తీగవలతో అల్లిన పదియడుగుల వెడల్పు గొడుగులు ఆ ప్రసారములను పట్టెడివి. వ్యవసాయ విషయములను జూచుటకు ఊరంతయు నొకచోట గూడెడిది. ఆ ప్రయోగ మొక సంవత్సరమున ముగిసినను, దాని ఫలము నేడు రెండడుగుల డిష్షు రూపమున ప్రతి పల్లెకును వచ్చియున్నది.

పొడుగాటి గొట్టముపై చేపముల్లువలె నుండిన పాత ఏంటెన్నాలు మన సభ్యులలో పలువురికి జ్ఞాపకమే. భూమిమీది స్తంభములనుండి వచ్చు ఆ పాత ప్రసారములను దూరదర్శను 2022 నాటికి చాలవరకు నిలిపివేసినది. ఇప్పుడు నెలసరి రుసుము లేకుండ చూడగోరువారికి దూరదర్శను వారి ఫ్రీ డిష్ గలదు. డీడీ కిసాను ఛానలును, మన తెలుగు ఛానళ్ళును దానిలో వచ్చుచున్నవి. దీనికి చేపముల్లు పనికిరాదు, డిష్షే కావలెను.

డిష్షును నిలుపుట సులభమేగదా యని రైతు లనుకొందురు. మేమును అట్లే అనుకొని మోసపోతిమి. ఒక గ్రామ సంఘపు కచేరీమీద మేమే నిలబడి డిష్షు పెట్టించితిమి. అది మాఘమాసపు చివర. ఆగ్నేయమున ఎనిమిదడుగుల దూరమున నొక వేపచెట్టు గలదు. అది డిష్షుకంటె ఇరువదియైదడుగుల ఎత్తున్నది. ఆకు రాలియుండుటచే కొమ్మల సందున బొమ్మ చక్కగా వచ్చినది. మేము సంతోషించి పోతిమి. వానకాలము నాటికి చెట్టు చిగిర్చి గుబురైనది. బొమ్మ ముక్కలగుచుండగా సభ్యులు వానవలన ననుకొనిరి. మే మడుగగా మేమును అదే చెప్పితిమి. కార్తికమున తుపాను హెచ్చరిక వచ్చిన నాడు ఆ పెట్టె మూగయై యుండెను. కోసిన సార్వా వరి పనలమీదనే తడిసినది. మరునాడు ఆ చేల గట్లమీద నిలిచి, మొలకెత్తబోవు గింజలను జూచినప్పుడు, తప్పు చెట్టుదికాదు, మాదే యని గ్రహించితిమి. సభ్యు లెవ్వరును మమ్ము నిందింపలేదు. అదే మాకు మిక్కిలి బాధ కలిగించినది. ఈ వ్యాసమునకు కారణ మదియే.

డిష్షు ఎటు చూడవలెను? ఫ్రీ డిష్ ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహమునుండి వచ్చుచున్నవి. దీనిని 2015 నవంబరున ప్రయోగించిరి. ఇది భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమువద్ద నిలిచియున్నట్లుండును. మనము దానికి పడమరగాను, ఉత్తరముగాను ఉన్నాము. కావున మనకది ఆగ్నేయ దిక్కున నుండును. ఉత్తరమునుండి తూర్పుమీదుగా లెక్కించిన, కర్నూలులో సుమారు 135 డిగ్రీలు, అనగా సరిగా ఆగ్నేయము, హైదరాబాదులో 138, విజయవాడలో 141, విశాఖపట్టణములో 149. కోస్తాకు పోయినకొలది కొంచెము దక్షిణమునకు మరలవలెనన్నమాట. ఎత్తు మాత్ర మీ ఊళ్ళన్నిటను సుమారు 63 మొదలు 66 డిగ్రీలే. ప్రక్కయింటి డిష్షును జూచి త్రిప్పరాదు. అది వేరొక ఉపగ్రహమును జూచుచుండవచ్చును.

ఉత్తరమును గుర్తించుటకు దిక్సూచి చాలును. ఇనుపగొట్టమునకు దూరముగా నుంచి చూడవలెను. దిక్సూచి లేనిచో, చదునైన నేలపై కర్రనొకటి నిటారుగా నాటి, దాని చుట్టును వలయము గీయవలెను. ఉదయమున నీడ కొన వలయమును దాకినచోటను, సాయంతనమున తిరిగి దాకినచోటను గుర్తులు పెట్టి, ఆ రెంటిని కలిపిన గీత తూర్పు పడమరలను జూపును.

చెట్టు అడ్డమా కాదా? ప్రసారము మిక్కిలి ఎత్తునుండి దిగుచున్నది గనుక లెక్క సులభము. ఆగ్నేయమున నున్న చెట్టుగాని, గోడగాని డిష్షుకంటె ఎంత ఎత్తున్నదో చూచి, అందులో సగముకంటె ఎక్కువ దూరమున నది యుండవలెను. ఇరువదియైదడుగుల మా వేపకు పండ్రెండున్నర అడుగులకు మించి దూరము కావలసియుండగా, ఎనిమిదే యుండెను. చెట్టు పెరుగును గనుక ఇంకను కొంత విడుచుట మంచిది. కొమ్మలు చాచిన చెట్టునకు మొదలునుండి గాక కొమ్మల అంచునుండి దూరము కొలువవలెను.

మరియొక పరీక్ష గలదు. మార్చి రెండవ వారమునను, సెప్టెంబరు చివరను కొన్ని దినములు ఉదయము 11 గంటల ప్రాంతమున సూర్యుడు ఈ ఉపగ్రహము నిలిచిన వైపుననే యుండును. అప్పుడు నీడ పడని చోటే డిష్షునకు తగిన చోటు. మార్చిలో ఆకు రాలిన కొమ్మ నీడనుగూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఆ దినములలో ఎండ ధాటికి కొద్ది నిమిషములు బొమ్మ పోయినను చింతింపవలదు.

ఎంత డిష్షు కావలెను? మామూలుగా 60 సెంటీమీటర్లది చాలును. ఈ తరంగముల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే. అట్టి తరంగములను పెద్దవాన మ్రింగివేయును. 90 సెంటీమీటర్ల డిష్షు రెండుంబాతిక రెట్లు పట్టును గనుక వానను కొంత ఎక్కువ ఓర్చుకొనును. సంఘపు కచేరీలకు అదియే మేలు. కాని గాలి తాకిడియు నంతే హెచ్చును; గొట్టము బలముగా నుండవలెను.

నిలుపు విధము. దారమునకు రాయి గట్టి వ్రేలాడదీసి, గొట్టము అన్ని వైపులను నిటారుగా నున్నదని చూడవలెను. సామాన్యపు డిష్షు ముఖము తాను నిజముగా చూచు ఎత్తుకంటె ఇరువదికి పైగా డిగ్రీలు క్రిందికి చూచునట్లు కనబడును; కంటికి నమ్మక, బిగింపుమీది అంకెలను నమ్మవలెను. డిష్షు ఒక అంచు ఒక సెంటీమీటరు కదలిన, చూపు ఒక డిగ్రీ తప్పును. కావున వెండ్రుకవాసి జరిపి, కొన్ని క్షణము లాగి, తెరమీద నాణ్యత గీతను చూడవలెను. బలము గీత మాత్రమే పెరిగిన ప్రయోజనము లేదు. పిమ్మట ముందున్న ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే నెమ్మదిగా త్రిప్పి, నాణ్యత అధికమైనచోట మరలు బిగింపవలెను.

కేబులు అతుకులలో నీరు దిగకుండ, అతుకునకు ముందు తీగను క్రిందికి వంచి వదలవలెను. కరెంటు తీగలకు దగ్గరగా గొట్టము నెత్తరాదు. ఉరుములు వినవచ్చుటకు ముందే కేబులును ఊడదీయవలెను; ఉరుము మొదలైనపిమ్మట దానిని ముట్టరాదు.

డిష్షు ఎంత చక్కగ నున్నను పెద్దవానలో మూగవోవచ్చును. హెచ్చరిక మాత్రము వానకు ముందే వచ్చును. దాని నందుకొనుటయే మన పని. రేడియోను, ఫోనును గూడ సిద్ధముగా నుంచుకొనుడు. మా వేపచెట్టు నేటికిని అక్కడనే యున్నది. దానిని నరుకలేదు, డిష్షునే కచేరీ డాబా రెండవ మూలకు మార్చితిమి. ఏటేట తొలకరికి ముందు సంఘపు యువకులు మరలు బిగించి, నాణ్యత గీత చూచి, గోడమీద వ్రాయుచున్నారు. తక్కిన సంఘములవారును అట్లు చేయుదురుగాక యని కోరుచున్నాము.