డిస్కు ఆపరేషన్... ఆ తర్వాత?

గోదావరిఖని ప్రాంతంలో నడుం నొప్పి కొత్త సంగతేం కాదు. ఒకప్పుడు బాయిలో తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపేవారు. ఆ పని చాలావరకు యంత్రాలకు వెళ్లినా, ఓపెన్‌కాస్టులో డంపరు నడిపేవారికి షిఫ్టంతా కుదుపులే! ఏళ్ల తరబడి మోసే బరువులూ, తినే కుదుపులూ డిస్కును దెబ్బతీస్తాయి. అది జారి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగుతుంది. అదే సయాటికా. ఇక ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ... మళ్లీ డ్యూటీకి వెళ్లగలడా?

తొందరా వద్దు... నాన్చుడూ వద్దు

చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని పరిశీలించి, ఫలితాలను 2007లో ప్రకటించారు. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి ఉపశమనం ముందుగా దొరికింది. కానీ ఏడాది తిరిగేసరికి వారిలోనూ, వేచి చూసినవారిలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూసినవారిలో 39 శాతం మందికి తర్వాత ఆపరేషన్ తప్పలేదు. అలాగని నెలల తరబడి నాన్చకూడదు. నొప్పి ఆరు నెలలు దాటాక చేస్తే ఫలితం కాస్త తగ్గుతుంది. మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మంచం దిగాలి!

ఆపరేషన్‌తో ముఖ్యంగా తగ్గేది కాలి నొప్పి. నడుం నొప్పి కొంత మిగలొచ్చు. దాంతో 'ఆపరేషన్ ఫెయిలైంది' అని దిగులుపడి మంచం పట్టేవారే ఎక్కువ వెనకబడతారు. ఇంట్లోవాళ్లూ ప్రేమకొద్దీ కదలనివ్వరు. డాక్టరు సరేనన్నాక రోజూ నడవాలి. నాలుగు నుంచి ఆరు వారాలకు ఫిజియోథెరపీ వ్యాయామాలు మొదలుపెడితే త్వరగా కోలుకుంటారు. వాటివల్ల మళ్లీ ఆపరేషన్ అవసరం పెరుగుతుందన్న ఆధారాలు లేవు.

పొగ తాగేవారికి మాత్రం మళ్లీ ఆపరేషన్ ముప్పు ఎక్కువే. బాయిలో బీడీ ఎలాగూ నిషేధం... ఇంటి దగ్గరా మానేస్తే నడుముకు మేలు. షుగరు, ఊబకాయం ఉంటే అదుపు చేసుకోవాలి.

'సింగరేణి' అంటే సరిపోదు

కుర్చీ పనివారు కొన్ని వారాల్లోనే చేరొచ్చు. బరువు పనికి ఇంకా సమయం పడుతుంది. అందుకే డాక్టరుకు 'సింగరేణిలో చేస్తా' అంటే సరిపోదు. డంపరా, రూఫ్ సపోర్టు పనా, పంపు దగ్గరా? బాయిలో ఎంత దూరం నడవాలి? ఎంత బరువెత్తాలి? అన్నీ వివరంగా చెప్పాలి. కొన్నాళ్లు తేలిక పని అవసరమైతే ఆ మాట, ఎన్నాళ్లన్నదీ కాగితంపై రాయించుకోవాలి. ఉద్యోగం ఉంటుందా, అన్‌ఫిట్ అవుతానా అన్న గుబులు కూడా కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ సంగతి డిశ్చార్జి నాటికే తేల్చుకుంటే... సగం బరువు దిగినట్టే!