నాటుపడవకు మరమ్మతు ఎన్నాళ్లకొకసారి?

శ్రీరామనవమి వెళ్లి ఎండలు ముదిరిన తరువాత భద్రాచలం వద్ద గోదావరి సన్నబడుతుంది. పనిలేని నాటుపడవ ఇసుకతిన్నెమీదికి చేరుతుంది. వైశాఖం ముగిసేసరికి దాని పలకల మధ్య సందులు తేలి, అవతలి వెలుతురు కనిపిస్తుంది. పడవ పాడయిపోయిందని యజమాని కంగారుపడి, సందులన్నిటిలోను నార కూరి, సుత్తితో గట్టిగా దట్టిస్తాడు. తీరా ఆషాఢంలో పడవను నీటిలోకి దించిన కొద్ది రోజులకే మేకులు కదలి, బాగుగా ఉన్న పలకలు కూడా ఎడమవుతాయి. శ్రద్ధ లోపించి కాదు. శ్రద్ధ చూపిన వేళ, చూపిన తీరు తప్పినందువలన ఈ నష్టం కలిగింది.

భద్రాచలంలో గోదావరిమీద వంతెన 1965లో వచ్చింది. అంతకు పూర్వం యాత్రికులకు పడవే ఆధారం. నేడు ఆ అవసరం తీరినా, చేపలు పట్టేవారికి, ఏటి ఒడ్డు పల్లెలవారికి పడవతో పని తీరలేదు. ఇక్కడి నది సామాన్యమైనది కాదు. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. అటువంటి ఏటిలో అడుగు కారే పడవ ఎంతసేపు నిలుస్తుంది?

లెక్క కష్టమైనది కాదు. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన, మీటరు పొడవున, ఒక్క మిల్లీమీటరు వెడల్పున సందు తెరచుకున్నదనుకొందాము. టారిచెల్లి సూత్రం ప్రకారం నీరు అందులోనుండి సెకనుకు సుమారు రెండున్నర మీటర్ల వేగంతో చొరబడాలి. సందు అంచుల వద్ద ఒరిపిడికి కొంత తగ్గించినా, నిమిషానికి 80 లీటర్లు లోపలికి వస్తుంది. అనగా నిమిషానికొక మనిషి చొప్పున పడవలోకి ఎక్కుతున్నట్లే. పైగా ఈ మనిషి ఒకచోట కూర్చోడు. పడవ ఏ వైపు ఒరిగితే నీరు ఆ వైపుకే పరుగెత్తి, ఒరుగును మరింత పెంచుతుంది. నడియేట పడవ బోల్తా పడటానికి నిండా నీరు చేరనక్కరలేదు.

సందు ఎందుకు ఏర్పడుతుందో తెలియాలంటే కలప నిర్మాణాన్ని చూడాలి. కలప సన్నని గొట్టాల కట్ట వంటిది. గొట్టాల బోలులో ఉన్న నీరు పోయినంత మాత్రాన కలప కొలత మారదు. గొట్టాల గోడలలో ఇంకిన నీరు ఆరసాగినప్పుడే అది ముడుచుకుంటుంది. పూర్తిగా ఎండిన కలప బరువులో సుమారు 30 శాతం తేమ ఉన్నప్పుడు గోడలు నిండుగా తడిసి ఉంటాయి. తేమ అంతకంటె తగ్గేకొద్దీ కలప కుదించుకుపోతుంది, పెరిగేకొద్దీ ఉబ్బుతుంది. పొడవు వైపున ఈ మార్పు లెక్కలోనికి రాదు. వెడల్పు వైపున మాత్రం, అందులోను చెట్టు వలయాల వెంట, ఎక్కువగా ఉంటుంది. అందుచేతనే పలక చివరలు కాక పక్కలు ఎడమవుతాయి.

టేకు తక్కువగా ముడిచే కలప అని పేరు పొందినది. అయినా, వలయాల వెంట కోసిన 20 సెంటీమీటర్ల టేకు పలకలో తేమ 27 శాతంనుండి 12 శాతానికి తగ్గితే దాని వెడల్పు అర సెంటీమీటరుకు పైగా తగ్గుతుంది. పది పలకల అడుగున ఈ తేడా మొత్తం అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. నీటిలో దించగానే కలప ఈ కొలతను తిరిగి కోరుకుంటుంది. ఆ చోటును ముందే నారతో బిగించివేస్తే పలకలు ఎటు పెరగాలి? మేకులను పెరికి, లోపలి అడ్డకొయ్యలను విరిచి పెరుగుతాయి. ఉబ్బే కలప బలం అల్పమైనది కాదు. పూర్వం రాతిగనులలో పగుళ్లలో ఎండిన కొయ్య మేకులు దిగగొట్టి, నీరు పోసి, బండలను చీల్చేవారు.

కాబట్టి మరమ్మతుకు ముందు పడవను నీడలోకి చేర్చి, లోపల తడి గోనెపట్టాలు పరచి, మూడునాలుగు రోజులు తడుపుతూ ఉండాలి. చాలా సందులు వాటంతట అవే మూసుకుంటాయి. మూసుకోనివాటికి బొగ్గుతో గుర్తు పెట్టి, ఒక రోజు పైతడి ఆరనిచ్చి, వాటిలో మాత్రమే నూలు లేక జనపనార మితంగా కూరాలి. దానిమీద నూనెలో కాచిన గుగ్గిలం పూయాలి. పైతడి ఆరకపోతే గుగ్గిలం అంటదు.

నూనెలన్నీ ఒక తీరువి కావు. అవిసె నూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి పొరవలె గట్టిపడుతుంది. ఆముదం, కానుగ నూనెలు ఆ విధంగా ఆరవు. అవి కలపలోకి ఇంకుతాయేగాని పై కవచం కాలేవు. కానుగ నూనెకు పురుగులను దూరంగా ఉంచే గుణమున్నది గనుక లోపలివైపు పూయవచ్చు. ఏ నూనె అయినా నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. తడియటం, ఆరటం నెమ్మదిగా జరిగేటట్లు చేస్తుంది. పలక చీలకుండటానికి ఆ నెమ్మదే ముఖ్యం.

కలపను కుళ్లబెట్టేది శిలీంధ్రం. దానికి తేమతోపాటు గాలి కూడా కావాలి. అందువలన పూర్తిగా మునిగి ఉన్న కొయ్య చాలాకాలం చెడదు. నీటిమట్టం వద్ద తడిసి ఆరుతూ ఉండే భాగం, వాననీరు నిలిచే మూలలు ముందుగా మెత్తబడతాయి. పనిలేని రోజులలో దోనెను నీటిలో ముంచి ఉంచే ఆచారం లోకంలో అనేకచోట్ల ఉండటానికి కారణమిదే. దోనె ఒకే మానులో తొలచినది గనుక దానికి అతుకుల చింత లేదు. దాని శత్రువు ఎండ. సముద్రపు ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగు ఇంత ఎగువన మంచినీటిలో బ్రతకదు. ఇక్కడివారికి అదొక అదృష్టం. ఒడ్డున నేలకు ఆనించిన పడవకు చెదలు మాత్రం తప్పవు. కింద రాళ్లు పెట్టి ఎత్తి ఉంచాలి.

ఇక ఎన్నాళ్లకొకసారి? మంచు దేశాలలో కాళ్లకు కట్టుకుని జారే కొయ్యపలకల విషయంలోను ఇదే ప్రశ్న వస్తుంది. నార్వేలో వాటి అడుగున దేవదారు జాతి చెట్ల తారు కాచి పూసేవారు. ఎన్ని రోజులయినదని కాక, అడుగు ఎంత పొడిబారినదని చూచేవారికి పలకలు మన్నుతాయి. పడవకూ అంతే. పలకమీద నీటిబొట్టు వేసి చూడండి. ముత్యంవలె నిలిస్తే నూనె ఇంకా ఉన్నది. పరచుకుని ఇంకిపోతే మళ్లీ పూయాలి. ఎండలో నిలిచే పడవకు ఇది ఏడాదికి రెండుసార్లు అవసరం కావచ్చు: వరద తీసిన కార్తికంలో ఒకసారి, వేసవికి ముందు ఒకసారి. నార, గుగ్గిలం పని సాధారణంగా ఏటా ఒకసారి చాలు. ఏరువాక పున్నమికి ముందే అది ముగియాలి. వరదలో కొట్టుకువచ్చిన దుంగ తగిలితే మాత్రం నెలలు లెక్కించరాదు, ఆనాడే ఒడ్డుకు లాగి చూడాలి.

అన్నిటికంటె నమ్మదగిన కొలమానం నీరు తోడే డబ్బా. రోజూ ఉదయం ఎన్ని డబ్బాలు తోడవలసివస్తున్నదో గుర్తుంచుకుంటే చాలు. కొత్తగా దించిన పడవలో మొదటి రెండుమూడు రోజులు ఎక్కువగా వచ్చి, పలకలు ఉబ్బేకొద్దీ తగ్గుతుంది. నాలుగు డబ్బాల చోట ఏడు, తరువాత పది అయితే ఎక్కడో మేకు తుప్పుపట్టి వదులయినదన్నమాట. ఇనుముకంటె తుప్పు ఎక్కువ చోటు ఆక్రమించి, చుట్టూ ఉన్న కొయ్యను చీలుస్తుంది. మేకు చుట్టూ నల్లని మచ్చ కనిపించినచోట కత్తిమొనతో పొడిచి చూడాలి. మొన తేలికగా దిగితే అక్కడ నార, గుగ్గిలం పనికిరావు. ఆ పలకను మార్చవలసినదే.