సంతకానికి ముందు లెక్క

జయనగరంలోని మా మిత్రుడి ఇంట్లో మొన్న ఒకటే వాదన. అమెరికా కాలేజీకి ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతిలో దరఖాస్తు పెడతానని కూతురు. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తుందేమోనని తండ్రి.

ఈ పద్ధతిలో, సాధారణంగా నవంబరు 1లోగా, ఒకే కాలేజీకి మాట ఇవ్వాలి. తల్లిదండ్రులూ సంతకం చెయ్యాలి. డిసెంబరులో సీటొస్తే తక్కిన దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. నాలుగు కాలేజీలిచ్చే సహాయాన్ని పోల్చి చూసుకునే వీలుండదు.

సహాయం చాలకపోతే మాట నుంచి తప్పుకోవచ్చు. కాని ముందుగా సహాయం అడిగి ఉండాలి. విదేశీ విద్యార్థి అలా అడిగితే చాలా కాలేజీల్లో సీటు అవకాశం తగ్గవచ్చు. అందుకే పిల్లలు అడగడానికి జంకుతారు.

మరి బ్యాంకు రుణం? భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం విదేశీ చదువు ఖర్చులో 15 శాతం మనమే పెట్టుకోవాలి. రుణం ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు. చదువుకునే రోజుల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఆ రాత్రి మిత్రుడు తన జీతం, అప్పులు, కొడుకు చదువు ఖర్చు కాగితం మీద రాసి కూతురికి చూపించాడు. “ఏడాదికి ఇంతవరకేనమ్మా” అన్నాడు. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత దరఖాస్తులో ‘సహాయం కావాలి’ అని తనే గుర్తు పెట్టింది. తండ్రి సంతకం ఆ తర్వాతే పడింది.