రూ.500 సిలిండర్‌కు ముందు పూర్తి ధర ఎందుకు కట్టాలి?

"సిలిండర్ ఐదు వందలే అన్నరు గదా, మరి తెచ్చినాయన తొమ్మిది వందలు అడుగుతున్నడేంది?" కోరుట్ల వైపు ఎక్కడికి వెళ్లినా వినే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. బీడీ పైసలు చేతికి రాకముందే గ్యాస్ అయిపోతే, ఆ రోజు ఇంట్లో తొమ్మిది వందలు ఉన్నాయా లేవా అన్నదే అసలు సంగతి.

మహాలక్ష్మి పథకంలో రూ.500 సిలిండర్ 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. ఇందులో మీరు ముందు పూర్తి ధర కట్టాలి. రూ.500 పోను మిగతాది తర్వాత మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదే రోజు పడదు.

లెక్క చూడండి. సిలిండర్ ధర రూ.900 అనుకుందాం. మీది ఉజ్వల కనెక్షన్ అయితే కేంద్రం రూ.300 వేస్తుంది, రాష్ట్రం వేసేది మిగిలిన రూ.100. రెండూ విడివిడిగా పడతాయి. కాబట్టి "వందే వచ్చింది" అని బెంగపడకండి, పాస్‌బుక్‌లో రెండో ఎంట్రీ కూడా చూడండి. ఒకరికి రెండు మూడు ఖాతాలుంటే పైసలు మీరు వాడని ఖాతాలో పడి ఉండొచ్చు. గ్యాస్ ఏజెన్సీలో ఏ ఖాతా జోడించి ఉందో అడగండి.

ఎన్ని సిలిండర్లకు సబ్సిడీ? గత మూడేళ్లలో మీరు వాడిన సగటును బట్టి. ఇక్కడ ఒక చిక్కుంది. పైసలు లేక కట్టెల పొయ్యి మీద వండుకుని ఏడాదికి మూడే సిలిండర్లు తెచ్చుకున్న ఇంటికి సగటు కూడా మూడే వస్తుంది. అవసరం ఎక్కువున్న ఇల్లే లెక్కలో తక్కువ కనబడుతుంది. అందుకే ఖాతా చూసుకుంటూ, ఎన్నింటికి సబ్సిడీ వచ్చిందో రాసి పెట్టుకోండి.

తెల్ల రేషన్ కార్డు, ప్రజాపాలన దరఖాస్తు, మహిళ పేరు మీద కనెక్షన్ ఉండాలి. ఉన్నా సబ్సిడీ రాకపోతే ఊళ్లోవాళ్లు ఎంపీడీవో ఆఫీసులో, పట్టణంవాళ్లు మున్సిపల్ ఆఫీసులో అడగండి. రేషన్ కార్డు, ఆధార్, గ్యాస్ బుక్కు, దరఖాస్తు రసీదు వెంట తీసుకెళ్లండి.

ఆ ఆఫీసుకో, బ్యాంకుకో పోవడానికి మహిళలకు ఆర్టీసీలో ఛార్జీ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీలో కాదు. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోండి. "ఫ్రీయే గదా, టికెట్ ఎందుకు" అనకండి. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి పైసలు కడుతుంది, మీ రూట్లో ఎంతమంది ఎక్కుతున్నారో కూడా దాంతోనే తెలుస్తుంది.

బస్సు రాని ఊరికి మాత్రం జీరో టికెట్ పనికిరాదు. మెయిన్ రోడ్డు దాకా ఆటో ఖర్చు మీదే, దానికి ఈ పథకంలో సాయం లేదు. మీ ఊరికి బస్సు కావాలంటే ఏ టైముకు, సుమారు ఎంతమందికి అవసరమో రాసి, సంతకాలతో కోరుట్ల డిపో మేనేజర్‌కు ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.