ఉన్నిపోగుతో చేపల వేట

గాలం వేయడం రానివాడు మన హాస్టల్లో బహుశా ఉండడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెంటకుప్ప పక్కన తడినేల తవ్వి ఎర్రలు ఏరుకోవడం, కొబ్బరిచిప్పలో మట్టివేసి వాటిని దాచుకోవడం, జీలుగ బెండు కట్టి చెరువుగట్టున కూర్చోవడం మనందరికీ అనుభవమే. అటువంటి మనకు ఎవరైనా వచ్చి "ఎర అక్కరలేదు, గాలానికి కాస్త ఉన్ని చుడితే చాలు, చేప పడుతుంది" అంటే నవ్వు వస్తుంది. మాకూ వచ్చింది. ఎం.ఎస్సీ. జంతుశాస్త్రంలో మత్స్యశాస్త్రం పేపరు కోసం లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు ఈ సంగతి మా కంటబడింది. మొదట వినోదం కోసం చదివాము. చదివినకొద్దీ అందులో చేపల సంగతే కాక మనుషుల సంగతి కూడా ఉందని తెలిసింది.

ముందు పద్ధతి చెప్పుకుందాం. మన గాలానికి సీసపు గుండు బరువు. విసిరితే గుండు ముందుపోయి దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఇంగ్లీషువాళ్ళ "ఫ్లై ఫిషింగ్"లో ఇది తలకిందులు. అక్కడ దారమే బరువు, గాలం ఈకంత తేలిక. కర్రను వెనక్కి, ముందుకి ఊపితే దారం కొరడాలాగా గాలిలో విప్పుకొని పోయి నీటిమీద పరుచుకుంటుంది. దాని చివర సన్నని నైలాన్ పోగు, ఆ పోగు చివర గాలం. ఈకలు, బొచ్చు, పట్టుదారం, ఉన్ని వంటివి చుట్టి గాలాన్ని పురుగులాగా తయారు చేస్తారు. దానికే "ఫ్లై" అని పేరు.

చల్లని నదులలో ఉండే ట్రౌట్ చేపకు పురుగులే ప్రధాన ఆహారం. ఉదాహరణకు మేఫ్లై అనే కీటకాన్ని తీసుకుందాం. రెక్కలు వచ్చిన తరువాత అది బతికేది ఒకరోజో, రెండురోజులో. అంతకుముందు నెలల తరబడి నీటి అడుగున రెక్కలు లేని పిల్లపురుగుగా ఉంటుంది. ఈ దశనే "నింఫ్" అంటారు. కాబట్టి చేప తినే తిండిలో ఎక్కువ భాగం నీటిపైన తేలేది కాదు, అడుగున పాకేది. ఇంత చిన్న విషయం మీద ఇంగ్లండులో పెద్ద తగాదా నడిచింది. ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ (1844-1914) అనే ఆయన నీటిమీద తేలే ఫ్లైతో వేటాడే పద్ధతికి శాస్త్రం రాశాడు. ఆయన అనుచరులు దానిని ఆచారంగా మార్చారు. మునిగే ఫ్లై వాడటం పెద్దమనిషి లక్షణం కాదన్నారు. జి.ఇ.ఎం. స్క్యూస్ అనే న్యాయవాది మాత్రం తాను పట్టిన చేపల కడుపులో ఏముందో పరీక్షించి చూసి, అందులో అధికభాగం నింఫులే అని 1910 నుండి పుస్తకాలలో రాస్తూ వచ్చాడు. 1938లో లండన్‌లోని వేటగాళ్ళ క్లబ్బులో దీనిమీద చర్చాసభ కూడా పెట్టారు. 1883 నుండి తాను వేటాడిన ఇచెన్ నది ఒడ్డును స్క్యూస్ వదిలిపెట్టింది ఆ సంవత్సరమే. చేప కడుపు కోసి చూపించినా ఒప్పుకోనివారికి ఇంకేమి చూపించాలో మాకు అర్థం కాలేదు.

ఇక అసలు మనిషి దగ్గరకు వద్దాం. పేరు ఫ్రాంక్ సాయర్. 1906లో ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, బుల్ఫర్డ్ అనే ఊళ్ళో, ఏవన్ నది ఒడ్డున పుట్టాడు. పెద్ద చదువు లేదు. 1928లో సైనికాధికారుల చేపలవేట సంఘం వారి నీటికి కీపరుగా చేరాడు. కీపరు అంటే మన కాలువల మీది లస్కరు వంటివాడు. గడ్డి కోయాలి, బురద తీయాలి, గట్టు చూసుకోవాలి, దొంగవేట ఆపాలి. వేట అధికారులది, కాపలా అతనిది. ఆ పనిలో ఏళ్ళ తరబడి నీళ్ళలోకి చూస్తూ నిలబడి, ఏ పురుగు ఎట్లా ఈదుతుంది, చేప దానిని ఎట్లా అందుకుంటుంది అన్నది కంటితోనే నేర్చుకున్నాడు.

ఇక్కడ మన దేశానికి ఒక చిన్న సంబంధం ఉంది. 1919 నుండి 1932 వరకు అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ పదవి విరమించి ఇంగ్లండుకు తిరిగిపోయిన తరువాత ఈ నదిమీద వేటకు వచ్చేవాడు. నువ్వు చూసినది కాగితం మీద పెట్టమని సాయర్‌ను ప్రోత్సహించినవారిలో ఆయన ముఖ్యుడు. అలా 1952లో ఒకటి, 1958లో "నింఫ్స్ అండ్ ది ట్రౌట్" అని మరొకటి, సాయర్ పుస్తకాలు వచ్చాయి. ఆ మాట చెప్పేవాడు లేకపోతే ఆ పుస్తకాలు వచ్చేవో రావో!

ఏవన్‌లో ట్రౌట్‌తో పాటు గ్రేలింగ్ అనే చేప కూడా ఉంటుంది. వెండిరంగు ఒళ్ళు, వీపుమీద తెరచాప వంటి పెద్ద రెక్క. పట్టుకుంటే థైమ్ అనే ఆకు వాసన వేస్తుందని దాని శాస్త్రీయనామం కూడా థైమాలస్ అని పెట్టారు. ఆ ఆకులో ఉండే థైమాలే మన వాములోనూ ఉంటుంది కనుక, వాము వాసన అనుకుంటే సరిపోతుంది. చూడటానికి ఇంత అందమైనదైనా ట్రౌట్ నదులలో దీనిని చీడ కింద లెక్కగట్టారు. ట్రౌట్ తిండి తినేస్తుందని, వందలు, వేలుగా పట్టి పారేయించారు. జంతుశాస్త్రం ప్రకారం రెండూ సాల్మోనిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. అయినా ఒకటి దొరచేప, ఇంకొకటి ఏరిపారేయవలసిన చేప. చేపలకు కూడా ఈ ఎక్కువ తక్కువలు ఎవరు కట్టారా అని మా రూములో ఒక రాత్రంతా మాట్లాడుకున్నాము. 1977లో గ్రేలింగ్ కోసమే ఒక సంఘం ఏర్పడింది. ఇప్పుడు చలికాలంలో పనిగట్టుకొని దానికోసమే నదికి వెళ్ళేవారున్నారు.

గ్రేలింగ్‌ను తగ్గించడం కీపరు ఉద్యోగంలో భాగం. అందుకోసం సాయర్ కట్టినదే మనం చెప్పుకుంటున్న ఉన్ని పురుగు. మొదట దానిని గ్రేలింగ్ బగ్ అన్నాడు. "కిల్లర్ బగ్" అనే పేరు పెట్టింది అమెరికా వేటగాడు లీ వుల్ఫ్ అంటారు. సున్నపురాతి నేలల నుండి ఊరే ఆ నదులలో గమ్మారస్ అనే రొయ్యవంటి చిన్నజీవి విస్తారంగా ఉంటుంది. అడుగున నాచులో గూనిగా వంగి ఈదుతుంది. ఉన్ని పురుగు దానిని పోలి ఉంటుంది.

కట్టే విధానం ఐదు నిమిషాల పని. గాలం కాడ మీద సన్నని రాగితీగను దగ్గరదగ్గరగా రెండు పొరలు చుట్టాలి. తీగ కొసను వంపు దగ్గర వదిలిపెట్టాలి. తరువాత ఉన్నిపోగును కాడ పొడవునా అటూ ఇటూ మూడు పొరలు చుట్టాలి. మధ్యలో లావుగా, కొసలు సన్నగా, వరిగింజ ఆకారం రావాలి. చివరగా వదిలిపెట్టిన తీగతోనే తోక దగ్గర నాలుగు చుట్లు బిగించి తెంపాలి. దారం లేదు, ఈక లేదు, జిగురు లేదు. తీగ రెండు పనులు చేస్తుంది: బరువుకు బరువు, కట్టుకు కట్టు. సాయర్ వాడినది చాడ్విక్ కంపెనీ 477 నంబరు ఉన్ని. చిరిగిన మేజోళ్ళు బాగుచేసుకోవడానికి అట్టముక్కకు చుట్టి అమ్మేవారు. లేత గోధుమరంగు, అందులో కొద్దిగా గులాబి ఛాయ. తడిస్తే రంగు ముదిరి లోపలి తీగ మెరుపుతో కలిసి ప్రాణమున్న పురుగులాగా కనిపిస్తుంది. దాని తయారీ ఆగిపోయి దశాబ్దాలయింది. పాత అట్టలు దొరికితే వేటగాళ్ళు చాలా ధర పెట్టి కొన్నారు. ఇప్పుడు షెట్లాండ్ దీవుల ఉన్ని వంటివి వాడుతున్నారు.

కట్టడం కన్నా ఆడించడం ముఖ్యం. చేప ఉన్నచోటికి కొంచెం ఎగువన పురుగును వేసి మునగనివ్వాలి. ప్రవాహంతో కొట్టుకొచ్చి చేప ముందుకు రాగానే కర్ర కొసను కొద్దిగా పైకెత్తాలి. పురుగు ఒక్కసారి పైకి లేస్తుంది. పారిపోతోందనుకొని చేప అందుకుంటుంది. ఆ క్షణంలో నీటిమీది దారం రవ్వంత కదులుతుంది. చూడాల్సింది అదే.

చదివి ఊరుకోలేక మేమూ కట్టాము. మోటారు రీవైండింగ్ షాపులో కాలిపోయిన మోటారు తీగ అడిగి తెచ్చుకున్నాము. ఒక పాత మంకీ క్యాపు విప్పి ఉన్ని తీశాము. దసరా సెలవుల్లో ఊరికి తీసుకుపోయి వేస్తే ఒక్క చేప దగ్గరకు రాలేదు. నీళ్ళు పట్టక, ఒంటినిండా బుడగలతో మెరుస్తూ తేలాడింది. అనుమానం వచ్చి పోగును అగ్గిపుల్లతో కాల్చి చూశాము. కరిగి ముద్దయింది. నిజమైన ఉన్ని కరగదు, కాలిన వెంట్రుక వాసన వేస్తుంది. అది అక్రిలిక్! మా తాత గొంగడి అంచునుండి నాలుగు మూరల పోగు తీసి మళ్ళీ కట్టాము. నల్లగా, బిరుసుగా ఉంది. తడిపి వేళ్ళతో నలిపితే నీళ్ళు పీల్చింది.

మా నాయన సాగర్ ఎడమ కాలువ మీద లస్కరు. మా చేతిలోది చూసి "ఏందిరా ఇది, చేపలు బొచ్చు తింటయా?" అన్నాడు. ఇంగ్లండు కథ చెప్పాము. నవ్వలేదు. మమ్మల్ని తూము దిగువకు తీసుకుపోయి, నీళ్ళు దూకి సుడి తిరిగి నెమ్మదించేచోటు చూపించి, "ఈడ ఏయి. ఊకెనే ఉంచకు. ఎర్రనయినా కొంచెం ఆడిస్తెనే ముడతది" అన్నాడు. వెదురుకర్రతో పదిసార్లు వేశాము. పదకొండోసారి నాయన "ఎత్తు" అన్నాడు. ఎత్తాము. వేలెడంత పరిగె పడింది. రోజంతా కష్టపడితే అదొక్కటే. ఆ సాయంత్రమే మా తమ్ముడు ఎర్రలతో గిన్నెడు పట్టుకొచ్చాడు, అది వేరే సంగతి.

ఇరవై ఆరేళ్ళుగా మా నాయన ఆ కాలువ గట్టు మీద తిరుగుతున్నాడు. తూము ఎంత ఎత్తితే ఏ చేప ఎటు పోతుందో, నీళ్ళు ఆపేసిన మూడోరోజు ఏ గుంటలో ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు. మేము డిగ్రీలో మూడేళ్ళు, పీజీలో రెండేళ్ళు చేపల గురించి చదివి, ఆయనను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సెలవుల్లోనే ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం కొని అడగడం మొదలుపెట్టాము. "ఇవి గూడ రాసుకుంటరా?" అన్నాడు. ఇప్పటికి నలభై పేజీలయింది. జెల్ల దగ్గర ఆగింది. వానలు పడి కొత్తనీళ్ళు వచ్చేదాకా దాని సంగతి చెప్పనన్నాడు.