మాట ఒక్కటే... వంశాలు రెండు

రొమేనియన్ భాషలో 'పకురార్' అని ఒక మాట ఉంది. అర్థం గొర్రెల కాపరి. ఇప్పుడది అరుదైపోయింది. ట్రాన్సిల్వేనియా పల్లెల్లో, అక్కడి పాత క్రిస్మస్ పాటల్లో, కొన్ని ఇంటిపేర్లలో మిగిలింది. అదే భాషలో, అక్షరం పొల్లుపోకుండా, ఇంకో 'పకురార్' ఉన్నాడు. అతడు నల్లటి ముడినూనె అమ్ముకునేవాడు. వింటే ఇద్దరూ ఒకటే. పుట్టుక చూస్తే చుట్టరికం లేదు.

మంద ఒకరిది, మడ్డి ఒకరిది

లాటిన్‌లో 'పెకుస్' అంటే పశువు, మంద. దాన్ని మేపేవాడు 'పెకొరారియుస్'. రోమన్ చక్రవర్తి ట్రాజన్ 106లో డేసియాను జయించాక డాన్యూబ్ అవతలకూ పాకిన వాడుక లాటిన్, తరాల నోళ్లలో నలిగి రొమేనియన్‌గా మారింది. ఆ నలుగుడులో పెకొరారియుస్ పకురార్ అయ్యాడు.

రెండోవాడి మూలం 'పిక్స్'. అంటే తారు. దాని ముద్దుపేరు 'పికుల'. అదే రొమేనియన్‌లో 'పకుర' అయింది. పూర్వం రైతులు గోతులు తవ్వి పకుర తోడేవారు. బండి ఇరుసులకు అదే కందెన. యాశ్ నగరంలోని పకురార్ పేట పేరు ఈ అమ్మకందార్లదే. 1857లో రొమేనియా 275 టన్నుల ముడిచమురు తీసినట్టు లెక్క రాసుకుంది. ఆ ఏడే బుకారెస్ట్ వీధుల్లో కిరోసిన్ దీపాలు వెలిగాయి. ఇప్పుడు పకుర అంటే శుద్ధి కర్మాగారంలో మిగిలే చిక్కటి ఇంధనం.

నాలుక నియమాలు

రెండు మాటలు ఒకటైపోవడం గాలివాటం కాదు. లాటిన్‌లో అచ్చుల మధ్య ఉన్న 'ల', రొమేనియన్‌లో 'ర' అవుతుంది. 'ప' తర్వాతి ఎకారం, పొట్టి ఇకారం మసకబారి అకారానికి దగ్గరవుతాయి. 'ఎ', 'ఇ'ల ముందు 'క' మెత్తబడి 'చ' అవుతుంది. ఈ మూడు సూత్రాలు చేతిలో ఉంటే చిక్కుముళ్లు విడిపోతాయి. 'పర్' అంటే వెంట్రుక, 'పర్' అంటే బేరిచెట్టు కూడా. మొదటిది 'పిలుస్' నుంచి, రెండోది 'పిరుస్' నుంచి. 'సారె' అంటే ఉప్పు, దూకుతాడు అన్న క్రియ కూడా. ఒకటి 'సాల్' బిడ్డ, ఇంకొకటి 'సలీరె' బిడ్డ. 'చెర్' మరీ విడ్డూరం. ఆకాశమైతే 'కైలుమ్' నుంచి, 'అడుగుతాను' అయితే 'క్వైరెరె' నుంచి, ఒక జాతి ఓక్ చెట్టయితే 'కెర్రుస్' నుంచి వచ్చింది. మూడు ఇళ్ల పిల్లలు ఒకే పేరుతో తిరుగుతున్నారు.

పోలిక లేని బంధువులు

అసలు విశేషం ఇక్కడుంది. నేటి రొమేనియాలో కాపరిని ఎక్కువమంది 'చొబాన్' అంటారు. ఇది టర్కీ మాట, అక్కడికి పర్షియా నుంచి చేరింది. ప్రాచీన ఇరానియన్‌లో దాని రూపం 'ఫ్షుపాన'. పశువును కాచేవాడని అర్థం. అందులోని 'ఫ్షు', లాటిన్ 'పెకుస్', మన 'పశువు' ఒకే ఇండో-యూరోపియన్ మూలానివి. అంటే వినికిడిలో ఏ పోలికా లేని పకురార్, చొబాన్ దూరపు బంధువులు. అచ్చుగుద్దినట్టున్న ఇద్దరు పకురార్లు పరాయివాళ్లు!

పెకుస్ నుంచే లాటిన్‌లో డబ్బుకు 'పెకూనియా' అన్న పేరు వచ్చింది. మందే ఆస్తిగా బతికిన కాలం అది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువులను 'సొమ్ములు' అనడం విన్నవారికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. ఆ రెండు మాటలకూ పుట్టుకలో సంబంధం లేదు. బతుకులో ఉంది.

రాసిపెట్టినవారి పుణ్యం

పల్లె మాటల విలువ తెలిసిన పండితుడు సెక్స్టిల్ పుష్కరియు. రొమేనియన్‌లోని లాటిన్ మూలాలపై 1905లోనే వ్యుత్పత్తి నిఘంటువు వెలువరించాడు. తర్వాత ఆయన నాయకత్వంలో 1930లలో సెవెర్ పోప్, ఎమిల్ పెట్రోవిచ్ ఊళ్లు తిరిగి, ఏ మాట ఎక్కడ పలుకుతారో అడిగి రాసుకున్నారు. రొమేనియన్ భాషా పటానికి ఆ శ్రమే ఆధారం. పెద్ద భాష కాపరికి ఒక మాట చాలనుకుంటుంది. చరిత్రకు చాలదు. అరుదైన రెండో మాట దొరికితేనే పోల్చడానికి వీలవుతుంది, పోలిస్తేనే చుట్టరికం తేలుతుంది. చెవిని మాత్రమే నమ్మితే వ్యుత్పత్తి కట్టుకథవుతుంది. అందుకే మన పల్లెల్లోనూ ఇంకా నోళ్లలో ఉన్న మాటలను, పలికే మనుషులు ఉండగానే, ఊరి పేరుతో సహా రాసిపెట్టుకోవాలి.