మోటుపల్లి రేవులో అభయము

ఓడ పగిలినవాని సొమ్ము ఎవరిది? ఒకప్పుడు మన ఆంధ్రతీరమున జవాబు ఒక్కటే: రాజుది. గాలివానకు ఒడ్డున బ్రద్దలైన ఓడలలోని బంగారము, రత్నములు, ఏనుగులు, గుఱ్ఱములు సర్వము పాలకులు లాగుకొనెడివారు. సముద్రమునుండి బయటపడిన వర్తకుడు ఒడ్డున మునిగెడివాడన్నమాట!

కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున శాసనము వేయించి దీనిని మాన్పించినాడు. నిర్ణీతమైన సుంకము మాత్రము తీసికొని తక్కినదంతయు వారికే విడుతుమన్నాడు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. మంచిగంధము, చీనా కర్పూరము, పన్నీరు, ముత్యములు, దంతము, మిరియములు—పట్టీ చాల పెద్దది. లెక్కలు వ్రాసి బ్రతుకువారము గనుక మా చూపు దానిమీదనే నిలిచినది. రేటు రాతిమీద చెక్కియుండగా రేవు గుమాస్తా పెంచలేడు గదా!

వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును ‘ముత్‌ఫిలి’ అన్నాడు. ఇచ్చటి సాలెగూడువంటి సన్నబట్టలను, న్యాయము తప్పని రాణిని మెచ్చుకొన్నాడు. ఆమె రుద్రమదేవియే నందురు. రాజుకు భార్యయని వ్రాసినాడు గాని, కూతురు. ఓడలమీద నడచిన కబురు మరి!

1358లో అనపోతారెడ్డి ఆ రేవుననే వర్తకులకు మరల అభయమిచ్చినాడు. ఆ శాసనము సంస్కృతాంధ్రములతోపాటు, వచ్చిపోవువారు చదువుకొనుటకు తమిళములోను చెక్కించినాడు.